మన పనికి మనమే రికార్డు: దళిత లైబ్రేరియన్లకు డిజిటల్ పోర్ట్‌ఫోలియో ఎందుకు?

లైబ్రరీలో అడిగిన పుస్తకం నిమిషంలో చేతికొస్తే, దాని వెనకున్న పని ఎవరికీ కనిపించదు. యాక్సెషన్ రిజిస్టర్ రాసేది, కేటలాగును కంప్యూటర్‌లోకి ఎక్కించేది, స్టాక్ వెరిఫికేషన్ చేసేది మనం. నాక్ బృందం వచ్చిన రోజున అది ‘కాలేజీ ప్రగతి’ అవుతుంది. పదోన్నతి ఇంటర్వ్యూలో మాత్రం ‘మీరేం చేశారో కాగితం చూపించండి’ అంటారు. దళిత ఉద్యోగి అయితే ‘కోటాలో వచ్చారుగా’ అన్న మాట కూడా వినాలి. రిజర్వేషన్ మన హక్కు. దానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. కానీ మన పని వేరేవాళ్ల ఖాతాలో పడకుండా చూసుకోవాలి. అందుకే డిజిటల్ పోర్ట్‌ఫోలియో. అంటే చేసిన పనులు, వాటి రుజువులు ఏడాదివారీగా దాచుకునే ఫైలు.

15 రోజుల గడువు

దేవ్ దత్ అనే ఇంజినీరు వార్షిక నివేదికలో ఒక ఏడాది ‘బాగుంది’ అని రాశారు. పదోన్నతికి ‘చాలా బాగుంది’ కావాలి. ఆ సంగతి ఆయనకు తెలియనివ్వలేదు. పదోన్నతి ఆగిపోయింది. మంచిదైనా చెడ్డదైనా నివేదికలోని ప్రతి వ్యాఖ్యనూ ఉద్యోగికి తెలపాల్సిందేనని ఈ కేసులో 2008లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మరుసటి ఏడాది కేంద్రం తన ఉద్యోగులకు నివేదిక మొత్తం చూపించాలని ఆదేశించింది. అభ్యంతరం చెప్పడానికి 15 రోజులు గడువిచ్చింది. అన్ని రోజుల్లో ఏడాది పనికి రుజువులు ఎక్కడ వెతుకుతాం? ముందే దాచుకుని ఉండాలి.

ఏమేం దాచాలి?

కాలేజీ లైబ్రేరియన్ల పదోన్నతికి యూజీసీ 2018 నిబంధనలు హాజరు, సెమినార్లు-వర్క్‌షాపులు, కేటలాగు డేటాబేస్ నవీకరణ, పోయిన పుస్తకాల లెక్క వంటివి చూస్తాయి. ఫోల్డర్లకు ఆ పేర్లే పెట్టుకుందాం. ‘కేటలాగు పని చేశాను’ అంటే చాలదు. ఎన్ని పుస్తకాలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎవరి ఉత్తర్వు మీద అన్నది రాయాలి. కోహా సాఫ్ట్‌వేర్ వాడేచోట నెలవారీ పుస్తకాల జారీ లెక్కలు అందులోనే దొరుకుతాయి. మౌఖికంగా అప్పగించిన పని గురించి ఆ సాయంత్రమే అధికారికి మెయిల్ పెడితే అదే రుజువు. కాంట్రాక్టు ఉద్యోగులు నియామక ఉత్తర్వులు, హాజరు, జీతం వివరాలు తప్పక దాచుకోవాలి.

ఎక్కడ దాచాలి?

ఆఫీసు కంప్యూటర్‌లో కాదు. బదిలీ అయితే అది మన చేతిలో ఉండదు. సొంత జీమెయిల్‌తో వచ్చే గూగుల్ డ్రైవ్‌లో ఒక ప్రతి, పెన్‌డ్రైవ్‌లో ఇంకో ప్రతి ఉంచాలి. వ్యాసాలు రాసేవాళ్లు ఉచితంగా దొరికే ఆర్కిడ్ నంబరు తీసుకుంటే ఒకే పేరున్న ఇంకొకరి ఖాతాలోకి అవి పోవు. పాఠకుల పేర్లు, ఫోన్ నంబర్లు, రహస్య పత్రాలు మాత్రం ఇందులో పెట్టకూడదు. మన దగ్గర లేని పాత ఉత్తర్వుల నకళ్లకు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

నెలాఖరున ఒక గంట కేటాయిస్తే చాలు. ముందుగా మొదటి నియామక ఉత్తర్వును ఫోన్‌తో స్కాన్ చేద్దాం. తర్వాత పక్క లైబ్రరీలో ఒంటరిగా నెట్టుకొస్తున్న మన తమ్ముడికో చెల్లెలికో నేర్పుదాం.