డబ్బా అమెరికాదైతే చాలా?

శంషాబాద్ విమానాశ్రయంలో దిగే సూట్‌కేసుల్లో బాలాపూర్ దాకా వచ్చే విటమిన్ డబ్బాల మీద మనవాళ్లకు గట్టి నమ్మకం. అమెరికాలో అమ్ముతున్నారంటే మంచిదేనని! ఆ నమ్మకానికి ఆధారం తక్కువ. బూజు పట్టకుండా కలిపే ప్రొపైల్ పారాబెన్‌నే తీసుకోండి. ఐరోపా యూనియన్ 2006లోనే దాన్ని ఆహారంలో వాడొద్దంది. అమెరికాలో దేశమంతటా నిషేధం లేదు. కాలిఫోర్నియా 2023లో చట్టం చేసినా అది అమలయ్యేది 2027 నుంచే. ఒకచోట చెల్లినంత మాత్రాన అన్నిచోట్లా చెల్లదన్నమాట.

ఉండేది రవ్వంతేగా అంటారు. నిజమే, ఒక్క మాత్రతో కొంప మునగదు. కానీ సప్లిమెంట్ పండగపూట లడ్డూ కాదు, ఏళ్ల తరబడి రోజూ మింగేది. పైగా సోడియం బెంజోయేట్ అనే ప్రిజర్వేటివ్, విటమిన్ సి ఒకే సిరప్‌లో ఉండి వేడి, వెలుతురు తగిలితే క్యాన్సర్ కారకమైన బెంజీన్ కొద్దిగా పుట్టే వీలుంది. మన మే నెల ఎండలో కిటికీ పక్కన పెట్టిన సీసాను తలచుకోండి. అలాగని ప్రిజర్వేటివ్ లేకుండా సిరప్ సాధారణంగా ఎక్కువ కాలం నిలవదు. అసలు పేచీ అనుమతి లేనిది, లేబుల్ మీద చెప్పనిది కలపడం గురించే. వ్యాపారానికి దిగుమతయ్యే సరుకును మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం తనిఖీ చేసి వదులుతారు. సొంతానికని సూట్‌కేసులో తెచ్చిన డబ్బాకు ఆ వడపోత ఉండదు. అదే డబ్బా దుకాణంలో కనిపిస్తే దిగుమతిదారు చిరునామా, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబరు ఉన్నాయేమో చూడండి. లేకపోతే కొనకండి, ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు చేయండి.