రహదారి తనిఖీలు – పౌరుని నమ్మకం

ఉప్పల్ రింగురోడ్డు వరంగల్ రహదారికి ముఖద్వారం వంటిది. దాపుననే నాచారం పారిశ్రామికవాడ; రాత్రిపాళీ ముగించుకొని ద్విచక్రవాహనాలపై ఇళ్లకు చేరే కార్మికులెందరో. ఇటువంటి చోట వాహనాల తనిఖీ అనవసరమని ఎవరూ అనరు. ప్రశ్న వేరొకటి. గడ్డము, టోపీ, వెనుక కూర్చున్న స్త్రీ ధరించిన బురఖా, లైసెన్సు మీది పేరు – ఇవి అనుమానానికి ఆధారాలు కాగలవా?

చట్టం అడిగేది స్వల్పమే. 1988 మోటారు వాహనాల చట్టంలోని 130వ సెక్షను ప్రకారం, యూనిఫారంలో ఉన్న పోలీసు అధికారి కోరినపుడు డ్రైవరు లైసెన్సు చూపవలెను. ఫోను తెరచి సంభాషణలు చూపవలెనని గాని, ముఖాన్ని ఫోటో తీయనీయవలెనని గాని అందులో లేదు. అయినప్పటికీ 2021 అక్టోబరులో గంజాయి తనిఖీల పేరిట హైదరాబాదు పోలీసులు దారినపోయేవారి ఫోన్లు పరిశీలించిన దృశ్యాలను దేశమంతా చూచినది.

అదే సంవత్సరం మే నెలలో, లాక్‌డౌన్ వేళ, సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను పాతబస్తీలో ఆపి మాస్కు తీయమన్నారు. ఆయన నిరాకరించగా మాస్కుతోనే ఫోటో తీసుకున్నారు. ఆ ఫోటో ఎక్కడికి చేరినదో తెలుపవలెనని ఆయన కమిషనరుకు నోటీసు పంపినారు. పిదప తెలంగాణ హైకోర్టును ఆశ్రయించినారు. 2022 జనవరిలో హైకోర్టు ప్రభుత్వానికి నోటీసు జారీ చేసినది. ఆయన సందేహం నిరాధారమైనది కాదు. ముఖాలను గుర్తుపట్టే సాధనాన్ని రాష్ట్ర పోలీసులు 2018లోనే తమ టిఎస్‌కాప్ యాప్‌లో చేర్చియున్నారు.

ఈ ఫోటోల భయం హైదరాబాదు ముస్లింలకు ఊరక కలిగినది కాదు. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగిన తరువాత అనేకమంది ముస్లిం యువకులను నిర్బంధించినారు. వారిని చిత్రహింసలు పెట్టినారని మైనారిటీల కమిషను తరఫున విచారించిన న్యాయవాది రవిచందర్ నివేదిక ఇచ్చినారు. చివరకు ప్రభుత్వమే పలువురికి నష్టపరిహారం ప్రకటించినది. దానిని 2013లో హైకోర్టు కొట్టివేసినది. అది వేరు సంగతి. ఆ ఇళ్లలో పెరిగిన పిల్లవానికి రోడ్డు మీద పైకి లేచిన లాఠీ ఏమి గుర్తుచేయునో చెప్పనవసరం లేదు.

ఇంగ్లాండులో 1984 పోలీసు చట్టం ప్రకారం, దారిలో ఎవరినైనను సోదా చేసినపుడు కారణాన్ని కాగితం మీద పెట్టవలెను. ఆ వ్యక్తి జాతిని కూడ నమోదు చేస్తారు. అందువల్లనే అక్కడ నల్లవారిని తెల్లవారికన్న ఎన్నోరెట్లు ఎక్కువగా సోదా చేస్తున్నారన్నది ప్రభుత్వ లెక్కలలోనే బయటపడినది. మన వద్ద చలానా వ్రాసినప్పుడే తనిఖీకి లెక్క ఉంటుంది. అరగంట నిలబెట్టి, ప్రశ్నించి, చలానా లేకుండ పంపివేస్తే పౌరుని చేతికి ఏ కాగితమూ రాదు. వివక్ష జరిగినదనే నాచారం యువకుడు గాని, జరుగలేదనే ఇన్‌స్పెక్టరు గాని చూపడానికి ఏమీ లేదు.