తుమ్మలపల్లె నుంచి ఓడెక్కేద్దామా?

తెరమీద తెల్లటి ఓడ కనిపిస్తే చాలు, మన యువప్రేక్షకుల గుండె ఝల్లుమంటుంది! 1973లో బాపు-రమణల 'అందాల రాముడు' గోదావరి లాంచీ మీద మోజు పుట్టిస్తే, 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి' దాన్ని మళ్లీ రాజేసింది.

మరి వేరుశనగ చేలూ, అరటితోటలూ, యురేనియం గనీ ఉన్న కడప జిల్లా తుమ్మలపల్లెలో ఓడ ఊసేమిటంటారా? అదే చిత్రం! అక్కడి కుర్రాళ్లు నన్నడిగిన మొదటి ప్రశ్నే, "కరీబియన్ ఓడెక్కాలంటే ఎంతయితాదన్నా?" అని.

అంతదూరం పోనక్కర్లేకుండా ఓడే ఇటు వచ్చింది! 1990లో 'నార్డిక్ ఎంప్రెస్' పేరుతో మొదలై ఏళ్ల తరబడి కరీబియన్ దీవుల మధ్య తిరిగిన ఓడ, చేతులు మారి, కార్డీలియా వారి 'ఎంప్రెస్'గా 2022 జూన్‌లో చెన్నైలోనూ విశాఖలోనూ ప్రయాణికులను ఎక్కించుకుంది. ముద్దనూరులో రైలెక్కితే చెన్నై ఒక రాత్రి ప్రయాణం. ఓడల రాకపోకలు మాత్రం సీజన్‌ని బట్టి మారతాయి. ముందే విచారించుకోండి.

కాగితాలు: మన రేవుల మధ్యే తిరిగే ఓడకు ఫోటో ఉన్న గుర్తింపు కార్డు చాలు. శ్రీలంక లాంటి పరాయి రేవు తగిలితే పాస్‌పోర్టు కావాలి. అసలు కరీబియనే చూస్తామంటారా? మయామీలో ఎక్కితే, దీవులు చుట్టి, సాధారణంగా మళ్లీ మయామీలోనే దిగాలి. కనక ఒకటికి రెండుసార్లు అడుగుపెట్టనిచ్చే అమెరికా వీసా ఉండాలి. జూన్ నుంచి నవంబరు దాకా అక్కడ తుపానుల కాలమని మరవకండి.

డబ్బు: టిక్కెట్టులో గది, మామూలు భోజనం, ఆటపాటలు కలిసే ఉంటాయి. ఇంటర్నెట్టు, రేవుల్లో షికార్లు సాధారణంగా వేరే లెక్క. కిటికీ లేని లోపలి గది చవక.

కడుపు: ఓడ నడిమధ్యన, కింది అంతస్తు గదిలో ఊపు తక్కువ. వాంతుల మాత్రలు డాక్టర్నడిగి దగ్గరుంచుకోండి.

టైము: రేవున్న ఊరికి ఒకరోజు ముందే చేరండి. కండక్టరుతో చెప్పి ఆపించుకోడానికి అది బస్సు కాదు!

ఇక అన్నిటికన్నా ముఖ్యం, లైఫ్ జాకెట్. 1912లో టైటానిక్ మునిగాక, ఓడల్లో ప్రాణరక్షణకు 1914లో పలు దేశాలు కూచుని ఒప్పందం రాసుకున్నాయి. ఇవాళ ఓడెక్కగానే జరిగే కసరత్తు ఆ దారిలో వచ్చిందే. సెల్ఫీల ధ్యాసలో దాన్ని ఎగ్గొట్టకండి. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగి దాదాపు 50 మంది పోయారు. జాకెట్లున్నవాళ్లలో పలువురు బతికి బయటపడ్డారు.

సినిమాలో హీరో ఓడ ముక్కున చేతులు చాచి నిలబడితే ఈల వెయ్యండి, తప్పులేదు. కెమెరా వెనక ఎన్ని ఏర్పాట్లుంటాయో మనకు కనిపించదు. ఆ నారింజరంగు జాకెట్‌లో ఫోటో బాగా రాదంటారా? రాకపోతే పోనివ్వండి. ఫోటో చూపించుకోడానికి మనిషంటూ ఇంటికి రావాలి గదా!