వ్రాతకు తగిన పనిముట్టు

గోదావరి నదికి ఎడమ గట్టున, మంచిర్యాల జిల్లాలో జైపూర్ అను మండలము కలదు. ఇది సింగరేణి బొగ్గుగనుల సీమ. సింగరేణి సంస్థవారి థర్మల్ విద్యుత్కేంద్రము ఇచ్చట 2016లో పనిచేయ నారంభించెను. దీనిలో ఒక్కొక్కటి 600 మెగావాట్ల సామర్థ్యము గల యూనిట్లు రెండు ఉన్నవి. ఆ యేటనే అక్టోబరు 11వ తేదీన మంచిర్యాల జిల్లా ఏర్పడగా, అంతవరకు ఆదిలాబాదు జిల్లాలో నుండిన జైపూర్ క్రొత్త జిల్లాలో చేరెను. అంతకు పూర్వము అచ్చయిన పుస్తకములలో పాత జిల్లా పేరు అట్లే నిలిచియున్నది. తెలుగు వికీపీడియాలోని జైపూర్ పుటకు అట్టి చిక్కు లేదు. తెలిసినవారు ఎవరైనను దానిని దిద్దవచ్చును.

ఇట్లు పలువురు కూడి వ్రాసి దిద్దుకొనదగిన పుటల కూర్పునకు వికీ యని పేరు. హవాయి భాషలో ఈ మాటకు 'త్వరగా' అని అర్థము. అమెరికా దేశస్థుడైన వార్డ్ కన్నింగ్‌హామ్ 1995లో మొదటి వికీని వెలువరించెను. సాఫ్ట్‌వేర్ నిర్మించువారు తమ యనుభవములను ఒకరికొకరు తెలుపుకొనుటకే అది పుట్టినది. తరువాత 2001లో వికీపీడియాయు, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాయు ఆరంభమైనవి. తెలుగు వికీపీడియాకు నాంది పలికిన వెన్న నాగార్జునయే, వేర్వేరు సంకేతములలో నున్న తెలుగును యూనికోడులోనికి మార్చు 'పద్మ' అను ఉపకరణమును నిర్మించెను. నేడు తెలుగు వికీపీడియాలో లక్షకు పైగా వ్యాసములు కలవు.

కంప్యూటరుచే పనిచేయించు ఆదేశముల వరుసకు సాఫ్ట్‌వేర్ అని పేరు. ఆ ఆదేశములను ఎల్లరును చదువుటకు, మార్చుటకు, పంచుకొనుటకు అనుమతి యుండినచో దానిని ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అందురు. దీనిని నిర్మించువారు ఒక్క ఊరివారు కారు. ఒకడు హైదరాబాదులో, మరియొకడు జర్మనీలో నుండవచ్చును; వారు ఒకరి మొగము నొకరు ఎన్నడును చూచి యుండకపోవచ్చును. నేడు పనిచేయువాడు రేపు మానుకొనవచ్చును. అట్టి పని నిలుచుటకు ఆధారము వ్రాతయే.

ఈ సంగతి గనుల సీమలోని పిల్లలకు సులభముగా బోధపడును. గనిలో షిఫ్టు ముగియగానే సర్దారు, ఓవర్‌మన్ తాము తనిఖీ చేసిన చోట్ల పైకప్పు ఎట్లున్నదో, గాలి యెట్లున్నదో రిపోర్టు పుస్తకములో వ్రాసి సంతకము చేయుదురు. తరువాతి షిఫ్టువారికి అది దారి చూపును. వ్రాయక విడిచినచో, ఒకరు కనుగొన్న అపాయము మరియొకరికి తెలియకపోవును. సాఫ్ట్‌వేర్‌లో ప్రాణాపాయము అంతగా లేకున్నను, వ్రాసియుంచని విషయము వ్రాయనివానితోడనే పోవును.

అయినచో ఆ వ్రాతను ఎందులో నుంచవలెను? ముఖ్యముగా రెండు మార్గములు కలవు.

మొదటిది వికీ. ఇందులో చదువరియే రచయిత కాగలడు. తప్పు కనబడిన క్షణముననే దిద్దవచ్చును. ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చిరో చరిత్రలో నిలుచును. వికీపీడియాను నడుపు మీడియావికీ పెద్ద పనులకు తగినది. కాని దానికి డేటాబేసును పోషించువాడు కావలెను. 2004లో ఆండ్రియాస్ గోర్ నిర్మించిన డోకువికీ, పుటలను సాదా పాఠ్యపు ఫైళ్ళలోనే దాచుకొనును. దానికి డేటాబేసు అక్కరలేదు. చిన్న బృందములకు ఇది సుకరము.

రెండవ మార్గము, వివరణను సాఫ్ట్‌వేర్ మూలముతో పాటు ఒక్కచోటనే ఫైళ్ళుగా నుంచి, గిట్ వంటి సాధనముతో భద్రపరచుట. గిట్‌ను 2005లో లైనస్ టోర్వాల్డ్స్ నిర్మించెను. ఈ మార్గమున ఎవరైన మార్పు పంపినచో, అనుభవజ్ఞులు పరిశీలించిన పిమ్మటనే అది చేరును. సాఫ్ట్‌వేర్ మారినప్పుడు దాని వివరణయు వెంటనే మారుటకు వీలగును. పైథాన్ భాష నిర్మాతలు తమ వివరణ గ్రంథమును ఈ విధముగా కూర్చుటకు స్ఫింక్స్ అను పనిముట్టును స్వీకరించిరి. కాని గిట్ నేర్వనివాడు ఒక్క అక్షరదోషమును దిద్దుటకును జంకును.

కావున పనిముట్టును ఎన్నుకొనుటకు ముందు కొన్ని ప్రశ్నలు వేసికొనవలెను. వ్రాయువారు ఎవరు? నిర్మాతలు మాత్రమేనా, వాడుకరులు కూడనా? దోషము వలన నష్టము కలుగు విషయమా? అయినచో ముందు పరిశీలన యవసరము. తెలుగు అక్షరములు సరిగా కనబడునా? తెలుగు మాటతో వెదకినచో దొరకునా? దానిని పోషించు ఓపిక ఎవరికి కలదు? రెంటిని వాడదలచినచో ఏ విషయము ఎచ్చట నుండవలెనో ముందే నిర్ణయించుకొనవలెను. ఏలన, ఒకే విషయము రెండుచోట్ల నుండినచో కొన్నాళ్ళకు అవి వేర్వేరు మాటలు చెప్పును.

అన్నింటికన్న ముఖ్యమైన ప్రశ్న మరియొకటి కలదు. రేపు ఈ పనిముట్టు మూలబడినచో మన వ్రాతను బయటికి తీసికొనిపోగలమా? వికీపీడియా మొదట యూజ్‌మాడ్‌వికీ అను సాధనముపై నడిచెను. 2002లో మాగ్నస్ మాన్‌స్కె వ్రాసిన సాఫ్ట్‌వేర్‌కు మారెను. ఆ యేటనే లీ డేనియల్ క్రాకర్ తిరుగవ్రాసిన సాఫ్ట్‌వేరే తరువాత మీడియావికీ యయ్యెను. పనిముట్లు మారినను వ్యాసములు నిలిచినవి. కాని తొలి నెలల దిద్దుబాట్ల చరిత్రలో కొంతభాగము కానరాకపోయెను; 2010లో గాని దాని ప్రతి దొరకలేదు. అంత పెద్ద విజ్ఞానకోశమునకే అట్టి నష్టము సంభవించినప్పుడు చిన్న బృందము ఎంత జాగ్రత్త వహింపవలెనో ఊహించుకొనుడు!

బాలలారా! క్రొత్త పనిముట్టు మెరుపును చూచి మోసపోరాదు. గొడ్డలి ఎంత పదునైనదైనను బావి త్రవ్వుటకు పనికిరాదు. వ్రాయువానికి సులభముగా, చదువువానికి విశదముగా, మనతరువాత వచ్చువానికి భద్రముగా నుండునట్టిదే మంచి పనిముట్టు. మీరును మీ పాఠశాల గ్రంథాలయపు పట్టికనో, మీ ఊరి చరిత్రనో నలుగురు కూడి వ్రాయ బూనుకొన్నప్పుడు ఈ ప్రశ్నలనే వేసికొనుడు.