వార్తల్లో పదం: సపోర్ట్ పర్సన్

పోక్సో (పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం) కేసుల వార్తల్లో కనిపిస్తున్న మాట ‘సపోర్ట్ పర్సన్’. లైంగిక వేధింపుల గురించి నోరు విప్పిన బిడ్డకు దర్యాప్తు నుంచి తీర్పు దాకా తోడుండే మనిషి అని అర్థం. లాయరు కాదు, పోలీసు కాదు. కేసు ఎక్కడిదాకా వచ్చిందో, రేపు కోర్టులో ఏం జరుగుతుందో బిడ్డకు అర్థమయ్యే మాటల్లో చెబుతారు.

ఫిర్యాదు అందితే పోలీసులు 24 గంటల్లో జిల్లా బాలల సంక్షేమ సమితికి తెలపాలి. ఈ తోడును సమకూర్చేది ఆ సమితే. 2020 పోక్సో నిబంధనలు దీనికి బిడ్డ, తల్లిదండ్రుల సమ్మతి అడుగుతాయి. అయితే ఈ అవసరాన్ని తల్లిదండ్రుల ఇష్టానికే వదిలేయరాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. సరైన మాట! భయంలో ఉన్న అమ్మానాన్నలకు ఏది అడగాలో కూడా తోచదు.

పోక్సో చట్టం ప్రకారం బిడ్డ తన ఇంట్లోనే, అమ్మ పక్కన కూర్చుని వాంగ్మూలం ఇవ్వవచ్చు. రాసుకునే అధికారి యూనిఫాంలో ఉండకూడదు. సాక్ష్యం చెప్పేటప్పుడు నిందితుడు ఎదురుపడకూడదు. బిడ్డ పేరు, ఫొటో, బడి వివరాలు బయటపెట్టకూడదు. వాట్సాప్‌లో పంపేముందు మనమూ ఆగాలి.

ఇలాంటి నేరం గురించి తెలిసీ ఫిర్యాదు చేయకపోవడం పెద్దలకు నేరం. చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098.