ఛాయాచిత్రంపై పారదర్శక పట్టీ: పేరు కనబడాలి, ముఖం మరుగుపడరాదు

పడమటి కనుమల పాదాన, తమిళనాడులోని విరుదునగర్ జిల్లాలో ఉన్న పట్టణం రాజపాళయం. అక్కడి రాజుల కుటుంబాలు తమ వలసను విజయనగర కాలంతో ముడిపెట్టి చెప్పుకొంటాయి. వారి ఇంటి మాట తెలుగు, ఊరి మాట తమిళం. 1949 నుంచి 1952 వరకు మద్రాసు రాష్ట్ర ప్రభుత్వానికి అధిపతిగా ఉన్న పూసపాటి సంజీవి కుమారస్వామి రాజా ఆ ఊరివారే. 1936లో రాజపాళయం మిల్లును నెలకొల్పిన పి.ఎ.సి. రామస్వామి రాజా కూడా అక్కడివారే.

ఇటువంటి ప్రముఖుల చిత్రాల కింద పేర్లు అచ్చయి ఉంటాయి. సామాన్య కుటుంబాల గోడలకు వేలాడే పెళ్లి చిత్రాలకు ఆ భాగ్యం లేదు. వరుసలో మూడవవారు ఎవరో చెప్పగల పెద్దలు గతిస్తే బొమ్మ మిగులుతుంది, పేరు మిగలదు. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టం ప్రకారం 2006-07 నుంచి ఒకటవ తరగతితో మొదలుపెట్టి బడులలో తమిళాన్ని దశలవారీగా తప్పనిసరి చేశారు. ఇంట తెలుగు మాట్లాడుతూ తెలుగు అక్షరం చదవలేని పిల్లలు ఉన్న ఇళ్లలో ఈ నష్టం రెండింతలు. సరిహద్దు పల్లెల్లోని కుటుంబాలకు ఇది తెలియని సంగతి కాదు.

ఈ నష్టాన్ని కొంతవరకైనా నివారించే సులభమైన ఉపాయం ఒకటుంది. చిత్రం నకలుపై అడుగుభాగాన సగం పారదర్శకమైన పట్టీ వేసి, దానిమీద పేర్లు, ఊరు, సంవత్సరం రాయడమే ఆ ఉపాయం.

పట్టీ అవసరం ఎక్కడ?

రాజపాళయం పేరుతోనే ప్రసిద్ధమైన వేటకుక్క జాతి ఉంది. పాలవంటి తెల్లని ఒళ్లు, గులాబి రంగు ముక్కు దాని గుర్తులు. భారత తపాలాశాఖ 2005 జనవరి 9న నాలుగు దేశీయ కుక్క జాతులపై విడుదల చేసిన తపాలా బిళ్ళలలో ఇదీ ఒకటి. తెల్లని ఈ కుక్క పక్కన తెల్ల పంచె కట్టిన తాతగారు సున్నం కొట్టిన గోడ ముందు నిలుచున్నారని అనుకుందాం. ఆ చిత్రంపై తెల్లని అక్షరాలు రాస్తే కనబడవు. నల్లని అక్షరాలు రాస్తే గోడమీద కనబడినా చెట్టునీడ పడిన చోట మాయమవుతాయి.

పూర్తి నల్లని పట్టీ వేస్తే అక్షరం స్పష్టమవుతుంది గాని, దాని వెనుక ఉన్న కాళ్లు, గడప, ముగ్గు అన్నీ కప్పబడిపోతాయి. పాత చిత్రంలో గడప కూడా సాక్ష్యమే. సగం పారదర్శకమైన పట్టీ ఈ రెండు చిక్కులకూ మధ్యేమార్గం.

పారదర్శకత లెక్క

కంప్యూటర్‌లో ప్రతి చుక్క వెలుగుకు 0 నుంచి 255 వరకు విలువ ఉంటుంది. 0 నలుపు, 255 తెలుపు. నల్లని పట్టీ ఒపాసిటీని 60 శాతంగా పెడితే అడుగు చిత్రపు విలువలో 40 శాతం మాత్రమే పైకి కనబడుతుంది. అంటే తెల్లని గోడ 255 నుంచి 102కు తగ్గి ముదురు బూడిద రంగవుతుంది. దానిమీద తెల్లని అక్షరానికి, వెనుక రంగుకు మధ్య వెలుగు నిష్పత్తి దాదాపు 5.7కు 1. వెబ్ ప్రమాణాల సంస్థ సాధారణ అక్షరాలకు కోరే కనీస నిష్పత్తి 4.5కు 1, పెద్ద అక్షరాలకు 3కు 1. ఒపాసిటీ 30 శాతమే పెడితే ఆ నిష్పత్తి 2.1కు పడిపోతుంది. చూపు మందగించిన అవ్వకు ఆ అక్షరాలు ఆనవు.

కొన్ని సాఫ్ట్‌వేర్లు రంగులను మరొక పద్ధతిలో కలుపుతాయి గనుక అదే అంకెకు పట్టీ లేతగా రావచ్చు. అప్పుడు ఒపాసిటీని మరికొంత పెంచాలి. అంకె కన్నా కంటికి కనబడేదే ప్రమాణం.

చేసే విధానం

ఉచితంగా దొరికే గింప్ సాఫ్ట్‌వేర్‌లోనైనా, ఫోటోషాప్‌లోనైనా పద్ధతి ఒక్కటే.

1. పాత కాగితపు చిత్రాన్ని స్కానర్‌పై 600 డీపీఐ వద్ద స్కాన్ చేయాలి. 4 అంగుళాలు, 6 అంగుళాల చిత్రానికి 2400, 3600 చుక్కలు వస్తాయి.

2. ఆ ఫైలును తాకకుండా దాచి, నకలు తీసి, నకలుపైనే పనిచేయాలి.

3. చిత్రంపై కొత్త లేయర్, అనగా పొర, చేర్చాలి. అడుగున చిత్రం ఎత్తులో ఎనిమిదవ వంతు మేర దీర్ఘచతురస్రం ఎంచుకొని నలుపు నింపాలి. అక్కడ ముఖం గాని, చేతిరాత గాని ఉంటే పట్టీని పైభాగానికి మార్చాలి.

4. ఆ పొర ఒపాసిటీని 60కి తగ్గించాలి.

5. దానిపైన వేరొక పొరగా తెల్లని అక్షరాలు రాయాలి. ఈ పొర ఒపాసిటీ 100గానే ఉండాలి. అక్షరాన్నీ పట్టీనీ ఒకే పొరలో కలిపి పలుచన చేస్తే రెండూ వెలిసిపోతాయి. కొత్తవారు ఎక్కువగా పొరపడేది ఇక్కడే.

6. పొరలు విడిగా నిలిచే ఫైలును, అనగా గింప్‌లో ఎక్స్‌సీఎఫ్, ఫోటోషాప్‌లో పీఎస్‌డీ ఫైలును, ఒకటి దాచాలి. బంధువులకు పంపేందుకు జేపెగ్ ఫైలు వేరుగా తీయాలి. జేపెగ్‌లో పొరలన్నీ ఒకటైపోతాయి గనుక తప్పు దిద్దడం సాధ్యం కాదు.

తెలుగు లిపికి ప్రత్యేక జాగ్రత్తలు

ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే పట్టీ తెలుగుకు చాలదు. పైన గుడులు, కింద ఒత్తులు ఉండటం వల్ల వరుసల మధ్య ఎక్కువ చోటు విడవాలి. లేకుంటే ‘కృష్ణ’లోని ణవత్తు పట్టీ దాటి కిందికి జారుతుంది. సన్నని ఫాంట్ల కంటే రామభద్ర వంటి లావుపాటి ఫాంట్లు పట్టీపై బాగా నిలుస్తాయి. పాత ఫోటోషాప్‌లలో ఒత్తులు విడివిడిగా పడితే, అక్షరాల అమరికల్లో దక్షిణాసియా లిపుల ఎంపికను ఎంచుకోవాలి.

పిల్లలు తమిళమే చదివే ఇళ్లలో పట్టీపై రెండు వరుసలు ఉండటం మంచిది. పై వరుస తెలుగు, కింది వరుస తమిళం. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం, ట, డ లకు ఒకే అక్షరం. అందువల్ల ‘పూసపాటి’ తమిళ పలుకుబడిలో ‘పూసపాడి’గా వినబడుతుంది. తమిళ వరుస పేరును పిల్లలకు అందిస్తుంది, తెలుగు వరుస దాని అసలు ఉచ్చారణను నిలుపుతుంది. ఒకటి ఉంది గదా అని రెండవది మానరాదు.

పట్టీ చేయలేని పని

బొమ్మలో కలిసిపోయిన అక్షరాలను కంప్యూటర్ మామూలు వెతుకులాట పట్టుకోలేదు. కనుక అవే వివరాలను ఫైలు పేరులోనూ యూనికోడ్ తెలుగులో రాయాలి. పట్టీని ఎవరైనా కత్తిరించివేయవచ్చు గనుక అది యాజమాన్యానికి రక్షణ కాదు. నలుగురికీ పంపే చిత్రాలపై పిల్లల పూర్తి పేర్లు, ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు వేయడం క్షేమం కాదు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే చిత్రం నాణ్యత తగ్గుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టు చేరుతుంది.

ఈ పనిలో కష్టమైన భాగం సాఫ్ట్‌వేర్ కాదు, పేర్లు సేకరించడం. ఇంటిలో జ్ఞాపకశక్తి చెదరని పెద్దలున్నప్పుడే చిత్రాన్ని వారి ముందుంచి, ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కరి పేరు, వరుస, ఊరు అడిగి రాసుకోవాలి. సందేహమున్న పేరు పక్కన ప్రశ్నార్థకం వేయాలి. ఒపాసిటీని రేపైనా మార్చుకోవచ్చు. పేరు చెప్పేవారు రేపు ఉంటారన్న పూచీ లేదు.