సోమవారం మాత్ర

మా ఫ్రిజ్ మీద పాత స్టీలు డబ్బా ఒకటి ఉంటుంది. అందులో రెండు రకాల మాత్రలు. రెండూ చిన్నవే, రెండూ పసుపు పచ్చనివే. ఒక అట్ట మీద మా ఆవిడ నల్ల స్కెచ్ పెన్నుతో "సోమవారం మాత్రమే" అని రాసి కింద రెండు గీతలు కొట్టింది. ఆ మాత్ర పేరు మెథోట్రెక్సేట్. వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే నోరు పుండవుతుంది, ఎముక మజ్జలో రక్తకణాల తయారీ పడిపోతుంది, ప్రాణం మీదికొస్తుంది. మాత్రంటే రోజూ వేసుకునేదే అన్న అలవాటు కొద్దీ ఈ పొరపాటు చాలా దేశాల్లో జరిగింది, మనుషులు పోయారు కూడా. అందుకే ఆ రెండు గీతలు.

నాకు సొరియాసిస్. పంతొమ్మిదేళ్లయింది.

మొదట మోచేతి మీద రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ. గోకితే తెల్లగా పొట్టు రాలేది, ఇంకాస్త గోకితే సూదితో పొడిచినట్టు సన్నటి రక్తపు చుక్కలు. తామరేమో అనుకుని మందుల షాపులో ట్యూబు అడిగి తెచ్చుకున్నాను. వారంలో మచ్చ మాయం. రాయడం ఆపాక రెట్టింపై తిరిగొచ్చింది. చర్మం డాక్టరు ఆ ట్యూబు వెనకవైపు చూపించి చదవమన్నారు. బలమైన స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటిబయాటిక్ మూడూ కలిపిన గుజ్జు అది. స్టెరాయిడ్ పూత చెడ్డదేం కాదు, డాక్టరు చెప్పిన చోట, చెప్పినన్నాళ్లు రాస్తే బాగా పనిచేస్తుంది. సొరియాసిస్‌కి స్టెరాయిడ్ మాత్రలు మింగి హఠాత్తుగా మానేయడం మాత్రం మరీ ప్రమాదం. ఒళ్లంతా ఎర్రబడి చీము పొక్కులు లేచి ఆస్పత్రిలో చేరాల్సి రావచ్చు. పేరూ ఊరూ లేని పొట్లాల మందుల్లో స్టెరాయిడ్ కలిపి ఉండటం చర్మవైద్యులకు కొత్త సంగతి కాదు.

ఇంతకీ లోపల జరిగేదేమిటి? చర్మం అడుగు పొరలో పుట్టిన కణం మెల్లగా ముదురుతూ పైకొచ్చి రాలిపోవడానికి మామూలుగా నెల రోజులు పడుతుంది. సొరియాసిస్ మచ్చలో ఆ పని మూడు నుంచి అయిదు రోజుల్లో అయిపోతుంది. సగం ఉడికిన అన్నాన్ని వార్చి వడ్డించినట్టు, ముదరని కణాలు ఒకదాని మీదొకటి వచ్చి పడతాయి. ఆ పోగే మనకు కనిపించే పొలుసు. ఇంత తొందర పెట్టేది మన రోగనిరోధక కణాలే. శత్రువు లేకపోయినా ఉన్నట్టు కేకలు వేస్తాయి. ఆ కేకల్లో ముఖ్యమైనవాటికి ఇంటర్‌ల్యూకిన్-17, ఇంటర్‌ల్యూకిన్-23 అని పేర్లు. ఈమధ్య వచ్చిన ఖరీదైన ఇంజెక్షన్లు ఆ కేకల్నే అణిచేస్తాయి.

మా పెద్దమ్మ లెక్క వేరు. "రక్తం చెడిందిరా, వంకాయ మానెయ్" అంది. గోంగూర, చేపలు కూడా బంద్. మూడేళ్లు గుత్తివంకాయ మొహం చూడలేదు. మచ్చలు వాటి మానాన అవి వచ్చాయి, పోయాయి. నా విషయంలో పనికొచ్చిన పథ్యం పెద్దమ్మ జాబితాలో లేనేలేదు. అది సిగరెట్లు మానడం, తొమ్మిది కిలోలు తగ్గడం. కొందరికి గొంతునొప్పి వచ్చి తగ్గాక ఒంటినిండా చిన్న చిన్న మచ్చలు లేస్తాయి. లిథియం, బీపీకి వాడే బీటా బ్లాకర్లు జబ్బును రేపవచ్చు. అలాగని బీపీ మాత్ర సొంతంగా ఆపేయకూడదు, డాక్టరుకు చెప్పాలి.

గీరుకున్న చోట కొత్త మచ్చ లేవడం దీని మరో గుణం. 1870ల్లో హైన్రిష్ కోబ్నర్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని పట్టుకున్నాడు. ఆయన చూసిన రోగికి గుర్రం కరిచిన చోట కూడా సొరియాసిస్ లేచింది. నాకు గుర్రాలతో పేచీ లేదు గానీ ప్యాంటు బెల్టు ఒరుసుకునే చోట ప్రతి వేసవిలోనూ లేస్తుంది.

దురద కన్నా జనం చూపు ఎక్కువ బాధ పెడుతుంది. ఒకసారి సెలూన్లో కుర్రాడు తలలో పొలుసులు చూసి దువ్వెన పక్కన పెట్టేశాడు. "అంటుకోదు బాబూ" అన్నాను. తలూపాడు, జుట్టు మాత్రం కత్తిరించలేదు. వాణ్ణి ఏమనగలం? వైద్యులే శతాబ్దాల పాటు దీన్ని కుష్ఠుతో కలిపేశారు. రెండూ వేరని వియన్నాలో ఫెర్డినాండ్ ఫాన్ హెబ్రా తేల్చింది 1841లో. ముట్టుకున్నా, పక్కన పడుకున్నా, ఒకే కంచంలో తిన్నా ఇది అంటదు.

ఇక మాత్రల సంగతి. డబ్బాలో ఉన్న రెండో అట్ట ఫోలిక్ యాసిడ్. ఫోలిక్ యాసిడ్ విటమిన్, కణాలు పెరగడానికి కావాలి. మెథోట్రెక్సేట్ ఆ విటమిన్ పనికే అడ్డుపడుతుంది. ఒకటి తాళం వేస్తుంటే ఇంకొకటి తీస్తున్నట్టు ఉంటుంది. సోమవారం మందు వేసుకుని, దాని వల్ల వచ్చే వికారం, నోటిపూత తగ్గడానికి మరో రోజు విటమిన్ వేసుకుంటాను. నాకు ముచ్చటేసే సంగతేమిటంటే ఈ రెండూ ఒకే ప్రయోగశాల నుంచి వచ్చాయి. న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ ఊళ్లోని లెడర్లీ సంస్థలో పరిశోధనలు నడిపింది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే పేగుల జబ్బుతో అన్నదమ్ముల్ని పోగొట్టుకున్న మనిషి. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. దాన్నే కాస్త మార్చి, దానికే విరుగుడైన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ తీసింది. అవి రక్త క్యాన్సర్ పిల్లల కోసం. 1948లో ఆయన పోయారు. మూడేళ్లకు, కీళ్లవాతానికి అమినోప్టెరిన్ ఇచ్చిన రోగుల్లో ఒకరికి సొరియాసిస్ కూడా తగ్గడం అమెరికా వైద్యులు గమనించారు. నా సోమవారం మాత్ర కథ అలా మొదలైంది.

వేసుకునేవాళ్లకు కట్టుబాట్లు చాలానే. రక్త, కాలేయ పరీక్షలు వాయిదా వేయకూడదు. మందు తాగడం కుదరదు. పిల్లలు కావాలనుకుంటే ముందే డాక్టరుతో మాట్లాడాలి, గర్భంతో ఉంటే ఈ మాత్ర అసలు కూడదు. జ్వరమొచ్చిందని కోట్రైమాక్సజోల్ లాంటి యాంటిబయాటిక్ కొనుక్కుని మింగితే రెండూ కలిసి మజ్జను దెబ్బతీస్తాయి. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా "మెథోట్రెక్సేట్ మీద ఉన్నాను" అన్నది నా మొదటి మాట. గోళ్ల మీద దర్జీ అంగుస్తాను గుంటల్లాంటివి పడినా, పొద్దున లేవగానే వేళ్లు మడవలేకపోయినా చెప్పాలి. సొరియాసిస్ ఉన్నవాళ్లలో మూడో వంతు వరకూ కీళ్ల జబ్బు రావచ్చు. ఆలస్యం చేస్తే వంకరపోయిన కీలు మళ్లీ తిన్నగా రాదు. స్నానం చేసి తుడుచుకోగానే, చెమ్మ ఆరకముందే వ్యాజలీన్ రాసుకోవడం కట్టుబాటు కాదు గానీ నాకు సగం వైద్యం అదే.

పోయిన నెల తమ్ముడి కూతురి పెళ్లి హడావిడిలో సోమవారం మర్చిపోయాను. మర్నాడు పొద్దున గుర్తొచ్చి డాక్టరుకు ఫోన్ చేశాను. రెండు రోజుల్లోపు గుర్తొస్తే వేసుకోవచ్చు, అది దాటితే ఆ వారానికి వదిలేయాలి, వచ్చే వారం మళ్లీ సోమవారమే అన్నారు. మాత్ర వేసుకుని మంచినీళ్లు తాగుతుంటే మా ఆవిడ పెన్ను తెచ్చి, అట్ట మీద "సోమవారం మాత్రమే" పక్కన చిన్న అక్షరాలతో "ఈసారికి మంగళ" అని రాసింది.